కాలాటోప్‌లో నీలగిరి చెట్టు

16 ఆగస్టు 1992, ఆదివారం

ఆయన బతికే ఉన్నాడు.

అక్షరాలు గీత మీద నిలబడటం లేదు. అయినా రాసుకోవాలి. రాయకపోతే పొద్దున లేచేసరికి ఇదంతా నేనే అల్లుకున్నానని నాకే అనుమానం వస్తుంది.

పక్క క్వార్టర్ జనార్ధనరావు, తారామణి మా ఆఫీసు ప్రయాణ ఖర్చులిచ్చే ఎల్టీసీ మీద హిమాచల్ వెళ్ళొచ్చి నెల కావస్తోంది. ఫోటోలు వచ్చాయి, చూద్దురుగాని రమ్మంది తారామణి. వెళ్ళాలని లేదు. ఆయన ఇల్లు వదిలి వెళ్ళినప్పటి నుంచి ఎవరి ఆల్బమ్ చూసినా నాకు ఒళ్ళు మంట. కానీ వేణి అప్పటికే వాళ్ళ సోఫా ఎక్కి కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్లను అక్కడ వదిలేసి తలుపేసుకోలేను కదా.

తారామణికి చెప్పుకోవడం అంటే ఎంత సరదానో. వచ్చిన రోజే కాలనీలో ఇంటింటికీ సిమ్లా ఆపిల్స్ పంచింది, తెలుగు పేపర్లో చుట్టి. ఇవాళ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టింది. రోహ్‌తాంగ్‌లో మంచు మీద నడుస్తుంటే కాళ్ళ కింద రాళ్ళ ఉప్పులా కరకరలాడిందట. జలపాతం దగ్గర నిలబడితే పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు మొహమంతా తడిసిందట. దేవదారు అడవిలో ఎంత నిశ్శబ్దమంటే, ఆవిడ గాజుల చప్పుడుకు ఆవిడే ఉలిక్కిపడిందట. గాజుల చప్పుడేం ఖర్మ, ఆవిడ నోటికి ఆ అడవి మొత్తం ఉలిక్కిపడి ఉంటుంది అనుకున్నాను.

అప్పుడు ఆ ఫోటో వచ్చింది.

వెనక పొగమంచు, చెట్లు. ముందు వీళ్ళిద్దరూ, ఆవిడ నెత్తిన మంకీ క్యాప్. వాళ్ళ వెనక పిట్టగోడ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని. మెరూన్ స్వెట్టర్. ఎడమ చేతి అంచు మాత్రం బూడిద రంగు.

ఆ అంచు నేను అల్లింది. మెరూన్ ఊలు అయిపోతే, కోఠీలో ఆ రంగు మళ్ళీ దొరక్కపోతే, బూడిద రంగుతో ముగించాను. ఆయన తొడుక్కుని అద్దంలో చూసుకుని, "గిదే మంచిగుంది హైమా, గుంపుల తప్పిపోతే గుర్తు వట్టొచ్చు" అన్నాడు.

"ఇదెక్కడ తీసిన్రు?" అని అరిచాను. అరిచానని వేణి చెప్పింది. నాకు తెలియదు.

జనార్ధనరావు చేతిలో టీ సాసర్లోకి ఒలికింది. తారామణి మొగుడి వైపు చూసింది. ఆయన ఫోటో తీసుకుని, దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు చూసి, "కాలాటోప్. డల్హౌసీ దగ్గర అడవి అది" అన్నాడు.

ఎండలు మండుతుంటే పోయినేడు జూన్‌లో ఆయన వెళ్ళిపోయాడు. బీరువాలోంచి పోయింది ఆ స్వెట్టర్ ఒక్కటే. నాచారం ఎండలో స్వెట్టర్ పట్టుకుపోయిన మనిషి చలి దేశానికి కాక ఎక్కడికి పోతాడు? ఆ అక్టోబర్‌లో నా ఎల్టీసీ మీద హిమాచల్ వెళదామని పుస్తకాలు తెచ్చి చదివిన మనిషి హిమాచల్‌కు కాక ఎక్కడికి పోతాడు? అందరికీ చెప్పాను. ఎస్సై నవ్వాడు. ఆయన తమ్ముడు కూడా నవ్వాడు.

ఇప్పుడు నవ్వమనండి.

17 ఆగస్టు

ఫోటో అడిగి తెచ్చుకున్నాను. ఇవ్వడానికి జనార్ధనరావు గింజుకున్నాడు. నెగెటివ్ అడిగితే స్టూడియోవాడు పోగొట్టాడన్నాడు.

వెనకాల ఇవాళే పెన్నుతో రాసి ఇచ్చాడు: కాలాటోప్, హిమాచల్.

19 ఆగస్టు

మనిషి చిక్కాడు. మెడ సన్నబడింది. వండిపెట్టేవాళ్ళు ఎవరున్నారు అక్కడ!

ఫ్యాక్టరీ దుమ్ముకు పట్టిన ఆ దగ్గు మాత్రం అక్కడి గాలికి తగ్గిపోయి ఉంటుంది.

23 ఆగస్టు

ఎందుకు వెళ్ళాడు అని మళ్ళీ అడుగుతోంది వేణి. పైపుల ఫ్యాక్టరీ లాకౌటైంది కదమ్మా, మగవాళ్ళకు పని లేకపోతే ఇల్లు ఇరుకవుతుంది అన్నాను. నాన్న చివర్లో నన్ను పక్కలో పడుకోబెట్టుకోలేదు, కోపమా అంది. కోపం కాదు అన్నాను. కోపమే. నా మీదో, యాజమాన్యం మీదో. రాత్రుళ్ళు ముందు గదిలో చాప వేసుకునేవాడు, తన కంచం గ్లాసు తనే కడుక్కునేవాడు. మాట్లాడబోతే "జర దూరముండు" అనేవాడు. కట్టుకున్నదాన్ని దూరముండు అనే మగవాడిని ఏమనాలి?

దొరకనీ. ముందు అన్నం పెడతాను. తర్వాత కడిగేస్తాను.

30 ఆగస్టు

ఉప్పల్ చౌరస్తాలో భూషణం ట్రావెల్స్‌కు వెళ్ళాను. మా ఆఫీసు వాళ్ళను ఎల్టీసీ మీద తిప్పేది ఈ భూషణమే. వంటమనిషిని, బియ్యాన్ని, చింతపండును కూడా బండిలో వేసుకుని పోతాడు. మనవాళ్ళు హిమాలయాల్లో కూడా చారు లేకపోతే ఉండలేరు.

అక్టోబర్ ట్రిప్పు ఉంది. సిమ్లా, కుఫ్రీ, మనాలి, రోహ్‌తాంగ్, డల్హౌసీ, ఖజ్జియార్.

"కాలాటోప్ కూడ వెట్టు భూషణం" అన్నాను.

"అది మన లిస్టుల లేదక్కా. నాకు తొవ్వ గూడ ఎర్కలేదు."

"జనార్ధనరావు వాళ్ళను తీసుకపోయింది నువ్వేగా? తొవ్వ ఎర్కలేకుంట ఎట్ల తీసుకపోయినవ్?"

భూషణం చెవి గోక్కున్నాడు. "ఆళ్ళదా... ఆళ్ళది వేరే అక్కా. స్పెషల్." తర్వాత నా మొహం చూసి, నేనెవరో గుర్తొచ్చినట్టుంది, గబగబా, "సరే, మీకోసం పెడ్త తియ్యి. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

వ్యాపారస్తుడు. కొత్త ఊరు చేర్చాలంటే బేరం కోసం నసుగుతాడు. వీళ్ళ ఎల్టీసీ బిల్లులన్నీ ఆఫీసులో నా టేబుల్ మీదుగానే పోతాయి, నాకు తెలియని వేషాలా? జనార్ధనరావు బిల్లు కూడా పాస్ చేసింది నేనే. టికెట్లు, రసీదులు అన్నీ శుభ్రంగా ఉన్నాయి. హైమావతి కళ్ళు కప్పి దొంగ బిల్లు పోదని ఆఫీసంతా అంటారు. అందుకే కదా ఆ ఫోటో అంటే నాకింత నమ్మకం.

13 సెప్టెంబర్

జనార్ధనరావు వచ్చి హితబోధ చేశాడు.

"రెండు వేల కిలోమీటర్లు, ఆడమనిషి ఒక్కరే. ఫోటో తీసింది జులైలో. ఇంకా అక్కడే కూర్చుంటాడా చెప్పండి? ఆ ఫోటోలో ఉన్నది ఆయనే అని ఏంటి గ్యారంటీ?"

"స్వెట్టర్ నేను అల్లిన."

"స్వెట్టర్లు అందరూ అల్లుతారండీ."

ఎడమ చేతి అంచు బూడిద రంగుతో ఎవరూ అల్లరు. వెళ్ళిపొమ్మన్నాను. ఒకరి మొగుడు దొరుకుతాడంటే ఈ మనిషికి ఏం కడుపుమంటో.

4 అక్టోబర్

వేణిని ఎక్కడ వదలాలి? ఆయన తమ్ముడింట్లో పెట్టను. చివరికి తారామణినే అడిగాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని వేణిని దగ్గరికి తీసుకుంది. "వదినా, ఒక్క మాట" అంది.

చెప్పమన్నాను.

గుమ్మంలోంచి జనార్ధనరావు, "తారా, పాలు పొంగుతున్నాయి" అన్నాడు.

ఆవిడ కదలలేదు. వేణి జడ సవరిస్తూ, "చలికి స్వెట్టర్లు పెట్టుకోండి. రెండు" అంది.

పిల్లాజెల్లా లేని మనిషి, వేణి అంటే ప్రాణం. అందుకే ఏడుపు.

8 అక్టోబర్, రైల్లో

ఖాజీపేట దాటింది. బోగీ నిండా మనవాళ్ళే. పులిహోర పొట్లాలు తెరిచారు. నా సంచిలో ఆయనకు సున్నుండలు ఉన్నాయి. ఎవరికీ పెట్టలేదు.

11 అక్టోబర్, సిమ్లా

మాల్ రోడ్డు మీద అందరి మొహాలూ చూశాను. లేడు.

12 అక్టోబర్, కుఫ్రీ

లేడు. జింకల పార్కు గేటు దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళితే బయట పోయేవాళ్ళు కనిపించరు.

14 అక్టోబర్, మనాలి

వంట బిక్షపతికి నా సంగతి ఎవరో చెప్పారు. నాకు మాత్రం అన్నంలో నెయ్యి ఎక్కువ వేస్తున్నాడు. జలపాతం దగ్గర అందరూ ఫోటోలు దిగుతుంటే నేను టీ కొట్లవాళ్ళకు ఫోటో చూపిస్తూ తిరిగాను. ఒకడు తల ఊపాడు, ఎక్కడ, ఎక్కడ అని మీద పడ్డాను. తీరా చూస్తే వాడు తల ఊపింది టీ కావాలా అని.

"మేడం, గింత దూరమొచ్చి గా నీళ్ళ దిక్కు జర సూడకపోతిరి" అన్నాడు బిక్షపతి.

చూశాననుకుంటాను. చప్పుడు గుర్తుంది.

15 అక్టోబర్, రోహ్‌తాంగ్

కోట్లు, టోపీలు, కళ్ళద్దాలు. ఎవడి మొహమూ కనిపించదు. ఒకడి చెయ్యి పట్టుకుని లాగి, కళ్ళద్దాలు తీయమన్నాను. వాడి పెళ్ళాం తిట్టిన తిట్టుకు భాష అక్కర్లేదు.

ఇక్కడి నుంచి డల్హౌసీకి ఒక పగలు, ఒక రాత్రి. అక్కడే ఉన్నాడు. ఈ ఊళ్ళన్నీ భూషణం లిస్టు కోసం. నేను వచ్చింది కాలాటోప్‌కు.

17 అక్టోబర్, డల్హౌసీ

చలి కొరికేస్తోంది. ఆ స్వెట్టర్ ఇక్కడ ఏ మూలకూ చాలదు. దొరకగానే ముందు శాలువా కప్పాలి.

కనిపించగానే ఏమనాలో అనుకుంటూ పడుకున్నాను. "వేణి నాలుగో తరగతిల ఫస్టొచ్చింది" అంటాను. తిట్లు తర్వాత.

18 అక్టోబర్, కాలాటోప్

రాయబుద్ధి కావడం లేదు.

డ్రైవర్ అడవి మొదట్లో ఆపాడు. మిగిలినవాళ్ళు అక్కడే కూర్చుని చపాతీలు తిన్నారు. బిక్షపతి నాకు తోడు వచ్చాడు. చాలా దూరం నడిచాం. చివర్లో అడవి శాఖవాళ్ళ బంగళా ఒకటి ఉంది. కాపలా ముసలాయనకు ఫోటో చూపించాను. బిక్షపతి తన హైదరాబాదీ హిందీలో అడిగాడు. ముసలాయన ఫోటోను ఎండలోకి తిప్పి చూసి, ఆద్మీ నహీ దేఖా, ఈ మనిషిని చూడలేదు అన్నాడు. ఈ దీవార్ కూడా ఇక్కడ ఎక్కడా లేదన్నాడు.

నిజమే, పిట్టగోడ లేదు. బంగళా చుట్టూ తిరిగాను. వెనక లోయ అంచు దాకా పోయాను. పేరు పెట్టి పిలిచాను. దామోదర్, దామోదర్ అని. మొగుడి పేరు అంత గట్టిగా జన్మలో పలకలేదు. బిక్షపతి అవతలికి తిరిగి నిలబడ్డాడు, పాపం.

ఒక చెట్టు మొదట్లో కూలబడి ఫోటో మళ్ళీ చూశాను. ఇక్కడి చెట్లు నల్లగా, గరుకుగా ఉన్నాయి. ఫోటోలో గోడ పక్క చెట్టు తెల్లగా, నున్నగా ఉంది. బెరడు పేలికల్లా ఊడి వేలాడుతోంది. అలాంటి చెట్టు దారిలో ఎక్కడా కనిపించలేదు.

అడవి పెద్దది. ఇటువైపు లేకపోతే అటువైపు ఉంటాయి. జనార్ధనరావు వాళ్ళు ఇంకో దారిలో వచ్చి ఉంటారు. స్పెషల్ అన్నాడు కదా భూషణం.

అటువైపు ఉంటాయి.

19 అక్టోబర్, ఖజ్జియార్

లేడు.

సున్నుండలు బిక్షపతికి ఇచ్చేశాను.

22 అక్టోబర్, ఇల్లు

వేణి వచ్చి నడుం చుట్టేసుకుంది. నాన్న ఏడి అని అడగలేదు. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని ఆటో వైపు ఒక్కసారి చూసి ఊరుకుంది. ఆ చూపు చూడ్డం కంటే అక్కడే ఆ లోయలో పడిపోయినా బాగుండేది.

అన్నం తింటూ, "తారామణి ఆంటీ రోజూ దేవుడి ముందల కూసోని ఏడ్సింది. అంకుల్‌ని కొట్టింది కూడ" అంది.

"ఎందుకు?"

"ఏమో. 'చెప్పేయండి, చెప్పేయండి' అని కొట్టింది."

23 అక్టోబర్, శుక్రవారం

ఆఫీసు గోడ పక్కన నడుస్తూ నిలబడిపోయాను. రోజూ నడిచే దారే. రోజూ ఉండే చెట్లే. తెల్లగా, నున్నగా, బెరడు పేలికలు వేలాడుతూ. నీలగిరి చెట్లు. సంచిలోంచి ఫోటో తీసి చెట్టు పక్కన పెట్టి చూశాను. గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తున్నాడు. చూడనీ.

ఒక్క అంకె తేడా వస్తే బిల్లు వెనక్కి కొట్టేదాన్ని. ఆ చెట్టును రెండు నెలలు రోజూ చూశాను.

ఆఫీసుకు వెళ్ళలేదు. తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. జనార్ధనరావు షూ లేసు కట్టుకుంటున్నాడు.

"గీ చెట్టు ఎక్కడిది?" అన్నాను.

"కాలాటోప్..."

"గీ చెట్టు ఎక్కడిది?"

తారామణి వంటింట్లోంచి వచ్చింది. చేతికి పిండి ఉంది. "అనంతగిరి" అంది. "వికారాబాద్‌లో మా ఆడపడుచు ఇల్లు, వదినా. మేము హిమాచల్ వెళ్ళలేదు. ఇంటికి తాళం వేసి అక్కడ కూర్చున్నాం. కొండ మీద పొగమంచు ఉందని, ఫోటోలకు బాగుంటుందని..."

ఆపిల్స్? మొజంజాహీ మార్కెట్. రసీదులు? భూషణం. రోహ్‌తాంగ్ మంచు, జలపాతం, గాజుల చప్పుడు? టూరిజం పుస్తకంలో బొమ్మలు చూసి అల్లుకుందట.

"నా పిల్లను నీ చేతుల పెట్టి నేను రెండు వేల కిలోమీటర్లు పోతుంటే గూడ నోరు రాలేదా మీకు?"

జనార్ధనరావు నేల మీద కూర్చుండిపోయాడు, ఒక కాలికి షూతోనే. "ఉద్యోగం పోతుందండీ. ఇంకెవరైనా అయితే చెప్పేసేవాణ్ణి. బిల్లు పాస్ చేసేది మీరు. మీకు ఎలా చెప్పను?"

ఈ జన్మలో మీ గడప తొక్కను అని వచ్చేశాను.

అనంతగిరి మీద ఏముందో అందరికీ తెలుసు. చెట్లు, గుడి, క్షయ పట్టినవాళ్ళ ఛాతీ దవాఖానా.

సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలుతుంటే, ఎండాకాలమైనా సరే, చలి పుడుతుంది. స్వెట్టర్ అందుకే. చాప అందుకే. కంచం, గ్లాసు అందుకే. దూరముండు అన్నది అందుకే.

24 అక్టోబర్

ఆయన బతికే ఉన్నాడు. ఈ మాట ఇంతకుముందు కూడా రాశాను. అప్పుడు ఇంత భయం లేదు.

ఇక్కడి నుంచి వికారాబాద్‌కు రెండు బస్సులు. పొద్దున బయలుదేరితే ఎండ ఎక్కేసరికి కొండ మీద ఉన్నాను. అంతే దూరం. వార్డు నర్సు రాజేశ్వరమ్మ పేరు వినగానే, "దామోదరా? నాకెవరు లేరు అని రాయించిండమ్మా. నువ్వేమైతవు?" అంది. భార్యను అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, నోటికి కొంగు కట్టుకోమంది.

పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు. అదే గోడ. అదే చెట్టు. స్వెట్టర్ ఒంటి మీద కాదు, కొక్కేనికి తగిలించినట్టుంది. నన్ను చూసి లేచి, రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడనే ఉండు. దగ్గరకు రాకు."

అనుకున్నవి ఏవీ రాలేదు. తిట్లూ రాలేదు, ఫస్టొచ్చిందనీ రాలేదు. "తిన్నవా?" అన్నాను.

గోడకు ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చున్నాం. ఆగి ఆగి చెప్పాడు.

"ఫ్యాక్టరీ బంద్ గాకముందే రక్తం వడ్డది హైమా. మా అమ్మ పక్కల పండుకున్న చెల్లె అమ్మకంటె ముందుగాల పోయింది. నాకప్పుడు ఏడేండ్లు. వేణి నా పక్కల పండుకుంటుండె."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు ఇడిసిపెడ్తవా? ఇంట్లనే ఉంచుకుంటవు. ఆర్నెల్లు మందులేస్తే నయమైతదన్నరు. నయమైనంకనే వస్త అనుకున్న. నయమైందన్నరు కూడ. సంచి గట్టుకున్న. మళ్ళ వడ్డది."

గోడ కింద రాలిన బెరడు పేలిక ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాను.

"తారామణిగారిని సూసి మొకం తిప్పుకున్న. ఆమె సూసిందేమో, చెప్తదేమో, నువ్వస్తవేమో అని వారం దినాలు బుగులువడ్డ." ఆగాడు. ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆ తర్వాత ఎందుకు రాలేదా అని రోజు గీ గోడ మీదనే కూసున్న."

అప్పుడు ఏడ్చాను. కొండ మీద ఉన్నవాళ్ళందరూ చూసేలా ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పాను, నీకోసం హిమాచల్ పోయి వచ్చిన అని. ఆయన నమ్మలేదు. రైలు టికెట్ తీసి చూపించాను. నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు, రాజేశ్వరమ్మ పరిగెత్తుకొచ్చింది. తగ్గాక కళ్ళు తుడుచుకుని, "నన్ను ఇడిసిపెట్టి పోయినవా? ఎట్లుంది? మంచు సూసినవా?" అన్నాడు.

నోరు తెరిచాను. ఏమీ లేదు. రోహ్‌తాంగ్ అంటే కళ్ళద్దాలు. జలపాతం అంటే టీ కొట్టువాడి తల. అడవి అంటే బెరడు. అంత దూరం పోయి నేను మగవాళ్ళ మొహాలు తప్ప ఏమీ చూడలేదు.

ఆయన ఎదురు చూస్తున్నాడు. ఎన్నేళ్ళ కోరికో ఆ కళ్ళల్లో ఉంది.

"కాళ్ళ కింద రాళ్ళ ఉప్పు తీరుగ కరకరమన్నది" అన్నాను.

"అట్లనా?" అని కళ్ళు మూసుకున్నాడు. "మెల్లగ చెప్పు. అన్ని ఒక్కదినం చెప్పకు."

25 అక్టోబర్

దీపావళి. వేణి కాకరపువ్వొత్తులు వెలిగించింది. నాన్న కొండ మీద ఉన్నాడని, ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఎక్కడి కొండ అంది. దగ్గరే అన్నాను. పక్కింట్లో దీపం కూడా పెట్టలేదు.

29 అక్టోబర్

డాక్టర్ చెప్పింది రాయను. మందులు పట్టడం లేదన్నది ఒక్కటి రాస్తాను. కొత్త మందులు వస్తాయి. ఎందరికి నయం కాలేదు?

1 నవంబర్

వేణిని గేటు బయట నిలబెట్టి చూపించాను. ఇద్దరూ చేతులు ఊపుకున్నారు. "నాన్న స్వెట్టర్ పెద్దగైంది" అంది వేణి.

సిమ్లా, కుఫ్రీ చెప్పాను. జింకలు చేతిలోంచి గడ్డి తిన్నాయని చెప్పాను.

4 నవంబర్

జనార్ధనరావు బిల్లు ఫైలు తీశాను. ఇవాళ పైకి పంపితే రేపు ఆయన ఉద్యోగం ఉండదు. చాలాసేపు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అవతల టేబుల్ దగ్గర తల వంచుకుని ఉన్నాడు, పంపమన్నట్టే. పంపితే ఏమొస్తుంది? ఆగస్టు తిరిగి వస్తుందా? ఆగస్టులో అయితే మందు పట్టేదేమో అని డాక్టర్‌ను అడిగాను. ఆయన గ్లాసు అందుకుని నీళ్ళు తాగాడు.

ఫైలు మళ్ళీ అల్మారాలో పెట్టేశాను. క్షమించి కాదు. చేతుల్లో బలం లేక.

8 నవంబర్

జలపాతం చెప్పాను. పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు అన్నాను. "మన పెండ్లిల పన్నీరు బుడ్డి నీ మేనమామ చేతులకెల్లి జారి పగిలింది, యాదికున్నదా?" అన్నాడు. గోడ దాకా రాలేకపోయాడు. మంచం మీద పడుకునే విన్నాడు.

14 నవంబర్

డల్హౌసీ, కాలాటోప్ చెప్పాను. గాజుల చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డానని చెప్పాను. నా పేరు పెట్టి పిలవలేదా అన్నాడు. పిలిచాను అన్నాను. అది ఒక్కటే నిజం.

"పలికిన్నా?"

"పలికినవు" అన్నాను.

18 నవంబర్

రాజేశ్వరమ్మ ఆఫీసుకు ఫోన్ చేయించింది. తిండి పోవడం లేదట. శనివారం దాకా ఆగకుండా రమ్మంది. రేపు సెలవు పెట్టాను.

పోయినసారి లేచి వస్తుంటే, "ఇంకెన్ని ఉన్నయి హైమా?" అన్నాడు.

"మస్తు ఉన్నయి" అన్నాను.

ఒక్కటే ఉంది. ఖజ్జియార్. చుట్టూ దేవదార్లు, నడుమ గడ్డి మైదానం, మధ్యలో చెరువు అని భూషణం ఇచ్చిన కాగితంలో ఉంది. నేను అక్కడ ఏం చూశానో ఎంత తలకొట్టుకున్నా గుర్తు రావడం లేదు. లేడు అని రాసుకున్నాను, అంతే. గడ్డి మీద నడిచానా? ఆ నీళ్ళల్లో చెయ్యి పెట్టానా? ఆ ఒక్కటీ కాగితంలో ఉన్నట్టు అప్పగిస్తే ఆయనకు తెలిసిపోతుంది. అది కూడా అయిపోతే తర్వాత ఏం చెప్పాలి? చెప్పడానికి ఏమీ లేకుండా ఆ మంచం దగ్గర ఎలా కూర్చోవాలి?

తారామణికి తెలుస్తుంది. ఆవిడ వెళ్ళకుండానే చూసింది. ఖజ్జియారే కాదు, లిస్టులో లేని ఊళ్ళు కూడా చెప్పగలదు, ఎన్ని కావాలంటే అన్ని.

రేపు మొదటి బస్సుకు ముందే ఆ గడప తొక్కాలి.